బూడిద చెరువులో మూడు గంటలు

"నాలుగున్నరకు బండెక్కిండు జానన్నా. ఐదుంబావు దాక ఆపకుండ నడిపిండు. అటెన్క సప్పుడు బందైంది. గంతే," అన్నాడు సదయ్య.

మూడు రోజుల్లో ఈ మాట అతను చెప్పడం ఇది నాలుగోసారి. ఒక్క అక్షరం మారలేదు. నిజం చెప్పేవాడు ఎక్కడో ఒకచోట తడబడతాడు, నాలుగున్నరను ఒకసారి పావు తక్కువ ఐదు అంటాడు. పాఠం అప్పజెప్పేవాడే ఇంత శుభ్రంగా చెబుతాడు.

"నలభై ఐదు నిమిషాలు. నడుమ ఒక్కసారి గూడ ఆపలే?"

"ఆపలే. నేను కట్ట మీదనే నిలవడ్డ. ఈ చెవులతోని ఇన్న."

"పొద్దుగూకినా మనిషి రాకపోతే పోయి చూడలే?"

"ఇంటికి పోయిండనుకున్న. చిన్న పిల్లగాడా ఏంది, చెయ్యి వట్టి తోల్కపోను?"

అతని రేకుల షెడ్డులో కుర్చీ పక్కన నీలం రంగు బొక్కెన ఉంది. అడుగున బూడిద గట్టిపడింది. దానికి కట్టిన నైలాన్ తాడు జానెడే మిగిలింది, చివర కత్తితో కోసినట్టు నున్నగా ఉంది. నేను అటు చూడగానే సదయ్య కాలితో దాన్ని బల్ల కిందికి తోశాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడట వెనకటికొకడు. నేనింకా గుమ్మడికాయ మాటే ఎత్తలేదు.

టైము చూసుకున్నాను. మధ్యాహ్నం రెండూ పది.

నా పేరు జాన్ ప్రసాద్. గోదావరిఖని గనుల్లో రెస్క్యూ మనిషిగా ఇరవై ఆరేళ్లు పనిచేశాను. బండ కింద పడ్డవాళ్లను వెతకడం నా డ్యూటీ. రిటైరయ్యాక డిటెక్టివ్ అని బోర్డు పెట్టుకున్నాను కానీ పని మారలేదు, బండల బదులు అబద్ధాలు జరుపుతున్నాను. బండలే నయం. అవి ఎదురు మాట్లాడవు.

సోమవారం నుంచి వెతుకుతున్నది నౌమాన్‌ను. ముప్పై ఒక్కేళ్లవాడు. వానాకాలం నుంచి కార్తీకం దాకా గోదావరి నీళ్లలో సదయ్య స్పీడ్ బోట్లు నడిపేవాడు. యాసంగి పంటకు నీళ్లు వదిలాక బోట్లు ఒడ్డెక్కుతాయి. అప్పుడు కశ్మీరు పోయి టూరిస్టులను స్నో బండి మీద తిప్పేవాడు. ముందు రెండు స్కీలు, వెనక వెడల్పాటి రబ్బరు పట్టా, నడుమ మోటార్‌సైకిల్ సీటు, అదీ బండి. "బోటుకూ దీనికీ ఫరక్ లేదు చాచా. రెండిటి కింద గట్టి నేల ఉండదు," అనేవాడు నాతో.

రెండు చలికాలాలు అట్లా గడిచాయి. ఈ ఏడు సదయ్యకు తెలివి మొలిచింది. మనిషి మంచు దగ్గరికి పోవడమెందుకు, బండినే బూడిద దగ్గరికి తెస్తే పోలేదా అనుకున్నాడు. థర్మల్ ప్లాంటు బూడిద నింపి వదిలేసిన పాత చెరువొకటి ఊరి బయట ఉంది. ఎండిన బూడిద కెమెరాలో అచ్చం మంచే. పాత స్నో బండి లారీలో దిగింది. పెళ్లికి ముందు వీడియోలు తీయించుకునే జంటలు మిట్టమధ్యాహ్నం ఉన్ని టోపీలు పెట్టుకుని, చెమటలు తుడుచుకుంటూ, చలికి వణుకుతున్నట్టు నటించి పోయాయి.

ఆదివారం సాయంత్రం నౌమాన్ ఇంటికి రాలేదు. సోమవారం పొద్దున బండి ఒక్కటే చెరువు నడుమ కనిపించింది. పైన ఎండిన పెచ్చు, కింద బురద. దిగబడి ఉంటాడని రెండు రోజులు బండి చుట్టూ తవ్వారు. చెప్పు కూడా దొరకలేదు. ఈరోజు బుధవారం, తవ్వకం ఆపేశారు. ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆ సోమవారమే నౌమాన్ కోర్టులో నిలబడాల్సింది. దసరాకు సదయ్య బోటు బోల్తాపడి ఒక ఆడపిల్ల మునిగిపోయింది. బోటు పగిలిందని ముందే చెప్పినా ఓనరే నీళ్లలోకి దింపించాడని సాక్ష్యం చెప్పడానికి అతను ఒప్పుకున్నాడు.

నౌమాన్ భార్య సుమైరా పొద్దున మా ఇంటికి వచ్చింది. ఏడవలేదు. ఏడ్చి అయిపోయినట్టుంది.

"ప్రసాద్ చాచా, ఉన్నడో లేడో ఒక్క మాట చెప్పుండ్రి. లేడంటే ఇద్దత్‌ల కూసుంట. ఉన్నడంటే ఎదురుచూస్త. రెండూ గాకుండ నేనెట్ల ఉండాలె?"

వాళ్లలో మొగుడు పోతే నాలుగు నెలల పది రోజులు గడప దాటకుండా కూర్చోవాలి. శవం లేకుండా ఆమె కూర్చోలేదు, మనిషి లేకుండా లేవలేదు. ఆ నడిమి బతుకు ఎట్లుంటుందో నాకు కొంచెం తెలుసు.

"ఇంకోటి చాచా. మా మామ ఉన్నప్పటి సంది మా ఇంట్ల ఒక అలవాటు. బయట నుంచి తలుపు మూడు సార్లు కొడ్తరు. లోపట్నుంచి మేం మూడు కొట్టి గొళ్లెం తీస్తం. ఆదివారం సంది పొద్దుగూకంగనే మూడు ఇనవడ్తున్నయి. తీస్తే ఎవ్వరుండరు. నాకు పిచ్చి లేసిందంటరా?"

ఆమె మామ అబ్దుల్ రజాక్ మా బాయిలో హాలేజి డ్రైవర్. బాయి అంటే మాకు బొగ్గు గని. కింద నుంచి గంట కొడితే పైన ఇంజన్ దగ్గర కూర్చుని టబ్బుల తాడు లాగేవాడు. ఒక గంట కొడితే ఆపు. రెండు కొడితే లాగు. మూడు గంటలంటే టబ్బుల్లో బొగ్గు కాదు, మనుషులున్నారని. పై నుంచి మూడు జవాబు వచ్చాకే మనుషులు ఎక్కాలి. ఇంకా ఒకటి రెండు గుర్తులుండేవి, దేవుని దయ వల్ల వాటి అవసరం తక్కువగా పడేది.

"పిచ్చి కాదు బిడ్డా," అన్నాను. మూడు గంటలు నా చెవుల్లోనూ ఉన్నాయి. ఇరవై రెండేళ్ల కింద బాయిలోకి నీళ్లు చొచ్చుకొచ్చిన రోజు పైపు మీద మూడు దెబ్బలు విన్నాను. నేను మూడు జవాబు కొట్టాను. అంతలో పైకప్పు దిగుతోందని మమ్మల్ని పైకి రమ్మన్నారు. వచ్చాను. నా జవాబు నమ్ముకుని కింద ఎవరో ఒకరు ఎక్కడానికి సిద్ధంగా నిలబడి ఉంటారు.

ఆ సంగతి పక్కన పెట్టి ఆమెను ఒకటే అడిగాను. "ఆ బండి సంగతి ఇంట్ల ఏమన్న చెప్తుండెనా?"

"రోజూ తిడ్తుండె. బోటు ఉరుకుకుంటనే కింద నీళ్లు తాగుతది, ఇంజన్ సల్లవడ్తది. ఈ బండి కింద మంచు తింటది. ఖనిల మంచేడుంది? పది నిమిషాలకోసారి ఆపి నీళ్లు వొయ్యకపోతే ఇంజన్ సచ్చిపోతది అంటుండె."

అబద్ధం చెప్పినా అతికినట్టుండాలి. సదయ్య అబద్ధం అక్కడే ఊడిపోయింది.

రెండున్నరకు నేనూ సుమైరా చెరువు కట్ట ఎక్కాం. ఆమెను కట్ట మీద ఉంచి నేను బూడిదలో దిగాను. అడుగు పడినచోటల్లా సన్నని దుమ్ము లేచి మళ్లీ అక్కడే కూర్చుంది. గాలి లేదు, పిట్ట లేదు. రెండు రోజుల తవ్వకపు గుంతలు నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. బతికున్న మనిషి మీద ఇన్ని గుంతలు తవ్వి వదిలేశారా అనిపించింది నాకు. ఎందుకనిపించిందో అప్పటికి తెలియదు.

బండి దగ్గర నాకంటే ముందే ఒకడున్నాడు. రుత్విక్, హైదరాబాదు నుంచి వచ్చిన ఇన్సూరెన్స్ ఇన్వెస్టిగేటర్. తెల్ల బూట్లు బూడిద కాకుండా ప్లాస్టిక్ కవర్లు తొడుక్కున్నాడు.

"అంకుల్, మీరింకా ఇక్కడే ఉన్నారా? మీవాడు కశ్మీర్‌లో టీ తాగుతున్నాడు. ఆదివారం ఆరూ నలభైకి అతని ఫోన్ రామగుండం స్టేషన్‌లో ఉంది. ఏడున్నరకు బల్లార్షా వైపు పోయి ఆఫ్ అయింది. కోర్టు తప్పించుకున్నాడు. సాయంత్రం నా రిపోర్ట్ వెళ్లిపోతుంది."

"ఫోను రైలెక్కింది. మనిషి ఎక్కినట్టు ఎవరన్న చూసిన్రా?"

"ఫోన్ దానంతటదే నడిచిపోతుందా?"

"ఈ బండి నలభై ఐదు నిమిషాలు నడిచిందని సదయ్య చెప్తే నమ్మినవు. ఫోను నడిచిందంటే నమ్మవా?"

బండిని పక్కకు వంచమన్నాను. మూతి ముడుచుకునే వంచాడు. రబ్బరు పట్టా కింద రెండు ప్లాస్టిక్ పట్టీలుంటాయి. మంచు మీద అవి జారుతాయి, బూడిద మీద వేడికి కరుగుతాయి. ఇవి కొద్దిగా మెత్తబడ్డాయి తప్ప కరగలేదు. ఇంజన్ తాడు లాగి చూశాను, హాయిగా తిరిగింది. ఆగకుండా ముప్పావు గంట నడిస్తే అది బిగుసుకుపోయి ఉండాలి.

"అంటే?" అన్నాడు రుత్విక్.

"నౌమాన్ నడుమ నడుమ ఆపిండు. నీళ్లు పోసిండు. నీళ్లెక్కడియి?"

అతను చుట్టూ చూశాడు. కనుచూపు మేర బూడిద. అర్థమైంది కానీ ఒప్పుకోవడానికి హైదరాబాదు అడ్డం వచ్చింది. "బాటిల్ తెచ్చుకుని ఉంటాడు," అన్నాడు.

"బాటిల్ కాదు సారు, నీల బొక్కెన."

వెనక నుంచి వచ్చిన మాట అది. కట్ట అవతల బూడిద ఇటుకల మిషన్ దగ్గర పనిచేసే కనకవ్వ. మమ్మల్ని చూసి వచ్చింది. మొగుడు బొగ్గు బాయిలోనే పోయాడు, అరవై దాటినా ఇటుకలు మోస్తుంది.

"బండికి ఎప్పుడు నీల బొక్కెన ఏలాడుతుండె. తాడు గూడ ఉండె. ఇప్పుడు లేదేంది?"

"నీళ్లు ఏడ తోడుతుండె అవ్వా?"

"బండి ఆపి, బొక్కెన వట్టుకొని కట్ట దాక నడిచిపోతుండె. కట్ట పక్కన పాత బాయి ఉంటది గద. బూడిద నీళ్లు దిగనీకి కాంక్రీటుతోని కట్టిండ్రు. ఇనుప మూత ఉంటది. ఇప్పుడు ఏడుందో కండ్లవడ్తలేదు, బూడిద కమ్మినట్టున్నది."

"ఆదివారం ఇంజన్ సప్పుడు ఇన్నవా?"

"ఇన్న. ఆదివారం మా మిషన్ బందు, నిమ్మళంగ ఉండె. ఒకపారి బర్రుమన్నది, ఆగింది. ఇంకోపారి బర్రుమన్నది, ఆగింది. మళ్ల లేవలె. ఐదు గంటల నమాజు గూడ గాలె అప్పటికి." ఆగి, గొంతు తగ్గించింది. "గా పొద్దు సంది అది మొదలైంది."

"ఏది?"

"దయ్యం. పొద్దుగూకి మా మిషన్ బందు గాంగనే మూడు గంటలు ఇనవడ్తయి. ఈ సారుకు సోమారమే చెప్పిన."

రుత్విక్ నవ్వాడు. చేతిలోని ట్యాబ్ తిప్పి చూపించాడు. "రాసుకున్నాను అంకుల్. శబ్దం మూడు గంటల పాటు వస్తుందట. ఆ రోజు ఆరు నుంచి తొమ్మిది దాకా కట్ట మీద దోమలతో కూర్చున్నా. మూడు గంటల్లో మూడు సెకన్లు కూడా ఏమీ వినపడలేదు."

"మూడు గంటల సేపు గాదు సారు," అంది కనకవ్వ విసుగ్గా. "మూడు గంటలు. గంట, గంట, గంట. బాయిల కొట్టినట్టు."

మనుషులున్నారని మూడు రోజులుగా మనిషి చెబుతున్నాడు. విన్నవాళ్లు దయ్యమని తలుపులు వేసుకున్నారు. చదువుకున్నవాడు గడియారం చూసుకున్నాడు. రుత్విక్‌ను తిడదామని నోరు తెరిచాను, నా ఇరవై రెండేళ్లు గుర్తొచ్చి మూసుకున్నాను.

"నిన్న ఎన్నిటికి ఇనవడ్డది అవ్వా?"

"నిన్న రాలె," అంది ఆమె తేలికపడ్డ గొంతుతో. "పీడ వోయిందని దీపం వెట్టిన."

నేను అప్పటికే కట్ట వైపు నడుస్తున్నాను.

"ఆ పాత బాయి నీళ్లు బయటికి ఏ తోవల పోతయి?"

"మా మిషన్ పక్కన కాలువల ఇనుప పైపు తేలి ఉంటది. సప్పుడు అండ్లకెల్లే వస్తది."

మేం పైపు దగ్గరికి చేరేసరికి రెండో షిఫ్టు సైరన్ మోగింది. సరిగ్గా మూడు. సుమైరా అప్పటికే నా వెనక ఉంది, ఎవరూ పిలవలేదు. ఇటుకల మిషన్ ఆపించాను. పైపు నా నడుమంత లావుంది, కట్ట కింది నుంచి వచ్చి కాలువలో ఆగింది. కనకవ్వ ఇచ్చిన సుత్తి తీసుకుని మూడు దెబ్బలు కొట్టి చెవి ఆనించాను.

ఏమీ లేదు. తుప్పు వాసన, లోపల ఎక్కడో నీటి చుక్క పడుతున్న చప్పుడు.

మళ్లీ మూడు కొట్టాను. సుమైరా పెదవులు కదులుతున్నాయి. ఒక నిమిషం. రెండు. నా చేతి గడియారం నాకే పెద్దగా వినిపించింది.

అప్పుడు వచ్చాయి. నీరసంగా, ఒకదానికొకటి దూరంగా. మూడు.

"బతికే ఉన్నాడు," అన్నాడు రుత్విక్. అతని మొహంలో రిపోర్టు లేదు, భయం ఉంది. పిల్లాడు చెడ్డవాడు కాదు. "మిషన్ దగ్గర పొక్లెయిన్ ఉంది. నేను తవ్విస్తాను." నేను వద్దనేలోపే పరుగెత్తాడు.

నిమిషంలో పొక్లెయిన్ గర్జిస్తూ కట్ట ఎక్కింది. దాని ముందు చేతులూపుతూ దారి చూపిస్తున్నది సదయ్య. ఎప్పుడు వచ్చాడో తెలియదు. "ఇటు, ఇటు, జల్ది," అంటున్నాడు. ఇంత సాయం చేసే మనిషని మూడు రోజులుగా నాకు తెలియలేదు.

కట్ట మీదికెక్కి చూశాను. సదయ్య ఒకసారి కూడా వెతకలేదు. ఎడమకు ఇరవై అడుగులు, కుడికి నాలుగు, బూడిద తప్ప ఏ గుర్తూ లేనిచోట ఆగి కాలు నేలకేసి తన్నాడు. "ఈడ తవ్వు!"

పాత బాయి ఎక్కడుందో కళ్లబడడం లేదని కనకవ్వే చెప్పింది. మరి సదయ్యకు ఎవరు చెప్పారు?

అదే క్షణంలో కింద నుంచి సుమైరా కేక వేసింది. "చాచా, ఒకటే కొట్టిండు!"

దిగి పైపుకు చెవి పెట్టాను. ఒక దెబ్బ. ఆగి, మళ్లీ ఒకటే. పైపు లోపల ఇసుక జారుతున్నట్టు చప్పుడు. పొక్లెయిన్ అదురుకు బూడిద బాయిలోకి రాలుతోంది.

"రుత్విక్! మిషన్ ఆపు!"

"టైం లేదు అంకుల్! ఒక్కటే కొట్టాడంటే ఓపిక అయిపోయింది. ఇప్పుడే తవ్వాలి!"

"ఓపిక అయిపోవుడు కాదురా. ఒక గంటంటే ఆపు అని. ఇంకో గజం ముందుకు పోతే వానిని మనమే పూడ్చినట్టు. ఆపు!"

ఈసారి అతను ఎదురు మాట్లాడలేదు. ప్లాస్టిక్ కవర్ల బూట్లతో జారుకుంటూ పోయి, ఎత్తిన ఇనుప బకెట్ కిందనే నిలబడి రెండు చేతులూ చాచాడు. సదయ్య డ్రైవర్ మీద అరుస్తున్నాడు, "ఆగకు, నేను చెప్తున్న గద, ఆగకు!" డ్రైవర్ ఇద్దరినీ చూశాడు. ఇంజన్ ఆపేసి తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు. అతను ఎవరో నాకు తెలియదు, కానీ వాళ్ల నాయనో తాతో బాయిలో పనిచేసే ఉంటాడు.

"సదయ్యా," అన్నాను కట్ట పైకి వచ్చి. "నీల బొక్కెన తాడు జానెడు నీ షెడ్డుల ఉన్నది. మిగిలింది నీ కాళ్ల కింద ఉన్నట్టున్నది. తాడు వట్టుకొని ఏలాడంగ కోసినవా, పడ్డంక కోసినవా? వాని ఫోను రైలెక్కించింది గూడ నువ్వే గద?"

దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాడు. తర్వాత, అడగకుండానే, "సోమారం ఒక్కటి దాటితే తీద్దామనుకున్న అన్నా. వట్టిగ ఆపుదామనే. అందరు వచ్చి తవ్వవట్టిరి. ఎట్ల తియ్యాలె?" అన్నాడు. ఆ గొంతులో నిజం ఉంది. నాకు అదే ఎక్కువ అసహ్యం వేసింది. రుత్విక్ అతని చొక్కా పట్టుకుని, రెండో చేత్తో పోలీసులకు ఫోన్ చేస్తున్నాడు.

నేను మళ్లీ పైపు దగ్గరికి దిగాను. బూడిద జారడం ఆగింది. లోపలి నుంచి ఏ చప్పుడూ లేదు. సుమైరా నా చేతిలోంచి సుత్తి తీసుకుంది.

"నేను కొడ్త చాచా. మా ఇంటి తలుపు నేనే తీస్త."

మూడు కొట్టింది. తలుపు మీద కొట్టినట్టే, మెల్లగా. తర్వాత బురదలో మోకాళ్ల మీద కూర్చుని చెంప పైపుకు ఆనించింది. నేను రెండో పక్క ఆనించాను. మా మధ్య అడుగున్నర ఇనుము.

ఒకటి.

రెండు.

మూడు. ఆమె కళ్లు మూసుకుంది.

నాలుగు.

ఆమె కళ్లు తెరిచింది. "నాలుగేంది చాచా? మాకు మూడే గద. మూడే గద కొట్టాలె. ఆయన గాదా?"

ఆ గంట నేను సర్వీసు మొత్తంలో రెండేసార్లు విన్నాను. తలుపు దగ్గర ఆడుకునే గంట కాదది. రజాక్ కొడుక్కి అది కూడా నేర్పాడన్నమాట.

"ఆయనే బిడ్డా," అన్నాను. ఇరవై రెండేళ్ల తర్వాత నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "నాలుగు గంటలంటే దెబ్బ తగిలిన మనిషి ఉన్నడు, మెల్లగ లాగుండ్రి అని. మూడు కొట్టు. వస్తున్నమని చెప్పు."